కందుల కాంటాకు పరీక్ష

తాండూరులో కిష్టప్ప సేటు పప్పు మిల్లుకు కంప్యూటర్ వచ్చిన ఏడు, అంటే ఎనభై ఎనిమిదిలో, ఖుర్షీద్‌కు దానితో కొట్లాడే ఉద్యోగం దొరికింది.

"మీ బిడ్డ ఏం పని చేస్తదమ్మా?" అని వాడకట్టులో ఎవరైనా అడిగితే తల్లి జహీరాబీ గొప్పగా చెప్పేది: "మిషన్‌ను పరేషాన్ చేస్తది. గందుకే జీతమిస్తరు."

అది నిజమే. మిల్లు వాకిట్లో కొత్తగా బండ్ల కాంటా పెట్టారు. నేలకు సమంగా పరిచిన ఇనుప పలక మీదికి బండి ఎక్కితే, గదిలో ఉన్న డబ్బా మీద ఎర్రటి అంకెలు వెలుగుతాయి. నిండు బండి తూకం కంప్యూటర్‌లో కొట్టాలి. కందులు దింపాక ఖాళీ బండి తూకం కొట్టాలి. రెండింటి తేడా చూసి కంప్యూటర్ చీటీ అచ్చు వేస్తుంది. ఆ ప్రోగ్రాం రాసింది హైదరాబాద్ నుంచి వచ్చిన మజహర్. రాసినవాడికి తన తప్పు కనబడదని, దాన్ని పట్టడానికి వేరే మనిషి కావాలని అతనే సేటును ఒప్పించాడు. వికారాబాద్‌లో టైపు పరీక్ష పాసై ఇంట్లో కూర్చున్న ఖుర్షీద్‌కు ఆ విధంగా పిలుపు వచ్చింది.

"మా దగ్గర దీన్ని టెస్టింగ్ అంటరు. మంచిగ టైపు చేసుడు కాదు, తప్పుగ చెయ్యాలె," అన్నాడు మజహర్ మొదటి రోజే. "నా ప్రోగ్రాం మీద జర కూడా దయ, రహం చూపకు."

ఖుర్షీద్ ఎవరికీ ఎదురు చెప్పని పిల్ల. బడిలో హాజరు పలికినా పక్క బెంచీ వరకు వినబడేది కాదు. అలాంటిది, కీబోర్డు ముందు కూర్చోగానే ఎక్కడలేని తుంటరితనం వచ్చేసింది. తూకం అడిగితే పేరు కొట్టింది. పేరు అడిగితే ఏమీ కొట్టకుండా ఊరుకుంది. నిండు బండి కంటే ఖాళీ బండిని బరువు చేసింది. కంప్యూటర్ కిక్కురుమనకుండా మైనస్ కందులు చూపించింది.

"అంటే రైతుకు మనమే కందులు పొయ్యాల్నా సార్?" అనేసింది. మజహర్ పగలబడి నవ్వాడు. ఆమె చున్నీలో మొహం దాచుకుంది. కానీ లోపల మస్తు సంతోషం. తన మాటను ఒక మనిషి ఆగి విన్నది ఈ గదిలోనే.

ఒక తప్పు సరిచేస్తే అప్పటిదాకా బాగున్నది ఇంకోటి చెడేది. అందుకని ప్రోగ్రాం మారినప్పుడల్లా పాత పరీక్షలన్నీ మొదటినుంచి కొట్టాలి. ఆమె వేళ్లు విదిలించుకోవడం చూసి మజహర్ ఒక ఉపాయం చేశాడు. ఆమె కొట్టేవన్నీ ఒక ఫైలులో ఎక్కించాడు. ఇక ఒక్క మాట కొడితే చాలు, కంప్యూటర్ ఆ ఫైలు చదువుకుంటూ తన్ను తానే పరీక్షించుకునేది. రావలసిన జవాబు వస్తే 'సరే' అని, రాకపోతే 'తప్పు' అని తెర మీద వేసేది. ఖుర్షీద్ చాయ్ తాగుతూ ఆ తమాషా చూసేది.

ఒకనాడు ఆ తమాషా సేటు కూడా చూశాడు.

"ఏందయ్యా మజహర్, గిది దానంతటదే చేసుకుంటదా?"

"అవును సేట్."

"మరి గీ పిల్ల దేనికి? సంత నాడు బేపారుల ముందట కాంటా షురూ చేస్తం గద. అయినంక ఇంటికి పంపియ్యి."

"ఫైలుకు ఆమె అనుకున్న తప్పులే తెలుసు సేట్. కొత్తవి ఎవరు అనుకోవాలె?"

"అనుకున్నయి చాలు," అని సేటు వెళ్లిపోయాడు. ఖుర్షీద్ ముట్టకుండానే చాయ్ చల్లారిపోయింది.

సంత రోజు వాకిలి నిండా జనం, కందులు తెచ్చిన రైతులు, పప్పు కొనే బేపారులు. మొదటి బండి పెద్దేముల్ ఊరి రైతు బిచ్చయ్యది. ఖుర్షీద్ కిటికీ పక్కన కూర్చుని నిండు తూకం కొట్టింది. గోదాము దగ్గర బస్తాలు దింపారు. ఇద్దరు మనుషులు ఖాళీ బండిని తోసుకొచ్చి పలక ఎక్కించారు. ఆమె అంకెలు కొట్టింది. చీటీ వచ్చింది. సేటు దాన్ని పైకెత్తి చదివాడు.

"ఇరవై క్వింటాళ్లు!"

"ఇరవయ్యా!" బిచ్చయ్య మొహం చాటంత అయింది. "పోయినేడు గిన్నే బస్తాలు పన్నెండు తూగినయి. నీ మిషన్ సల్లగుండ సేటు, గిట్లనే రాసియ్యి."

బేపారులు గొల్లుమన్నారు. మజహర్ మొహం తెల్లబడింది. ఖుర్షీద్ మాత్రం కిటికీలోంచి తొట్టి వైపే చూస్తోంది. బిచ్చయ్య ఎడ్లు అక్కడ తీరిగ్గా నీళ్లు తాగుతున్నాయి.

"సార్," అంది మెల్లగా. "ఎడ్లను విప్పేసిండ్రు. నిండు బండికి అవి ఉండె. ఖాళీ బండికి లేవు. వాటి బరువు కందులల్ల కలిసింది."

మజహర్ తల పట్టుకున్నాడు. "లారీ ఇంజన్‌ను ఎవరూ విప్పరు కద! నేను లారీలే అనుకున్న."

"నేను గూడ మీరు చెప్పిన లారీలే కొట్టిన సార్."

"ఇగ నుంచి ఎడ్లను ఎవ్వరూ విప్పొద్దు!" సేటు హుకుం జారీ చేశాడు.

"పెద్దేముల్ నుంచి నడిచొచ్చినయి సేటు," అన్నాడు బిచ్చయ్య. "నీళ్లు తాగకుండ మల్ల కాంటా ఎక్కుమని వాటికి నువ్వే చెప్పు."

వాటికి చెప్పడం కంటే ప్రోగ్రాంకు చెప్పడమే సులువని మజహర్ కూర్చున్నాడు. రెండు తూకాలప్పుడూ ఎడ్లున్నాయా అని అది అడగాలి. జవాబులు కలవకపోతే చీటీ ఇవ్వకూడదు. కాసేపట్లో మార్పు అయింది. ఫైలు నడిపితే తెర నిండా 'సరే'. ఎడ్లను కట్టి బిచ్చయ్య ఖాళీ బండిని మళ్లీ తూచారు. పన్నెండే వచ్చాయి. అతను ఒక్కడే కొంచెం నొచ్చుకున్నాడు.

సేటుకు ప్రాణం లేచొచ్చింది. "చూసిండ్రా, మిషనే సరే అంటుంది! రానియ్యి బాలప్పా!" అంటూ తానే ఎదురెళ్లి తర్వాతి రైతు బాలప్ప బండిని పలక మీదికి తెచ్చాడు. ఎద్దు మూపు మీద చెయ్యేసి, కాంటా గొప్పతనం బేపారులకు చెప్పసాగాడు. ఎర్రటి అంకెలు వెలిగాయి.

ఖుర్షీద్ వేళ్లు ఆగిపోయాయి. సేటు కాళ్లు పలక మీదే ఉన్నాయి. చిన్నా చితకా ఒళ్లు కాదు. ఆ అంకెలు కొడితే కంప్యూటర్ 'సరే' అనే అంటుంది. కానీ ఇంతమందిలో, తనను ఇంటికి పంపమన్న మనిషికి చెప్పడం ఎట్లా?

"సేటూ..." అంది. ఎవరికీ వినబడలేదు. బాలప్ప మాత్రం చూసి, మాట్లాడొద్దన్నట్టు కన్ను గీటాడు.

అది చూసేసరికి ఆమెకు కోపమొచ్చింది. లేచి కిటికీ ఊచలు పట్టుకుంది.

"సేటూ! జర కాంటా దిగుండ్రి! మీరు గూడ కందులల్ల తూగుతున్నరు!"

సేటు తన కాళ్ల వైపు చూసుకున్నాడు. తర్వాత జనం నవ్విన నవ్వుకు తొట్టి దగ్గరి ఎడ్లు కూడా తలెత్తాయి.

"ఉండనియ్యమ్మా," అన్నాడు బాలప్ప, "నాకేం ఫికర్ లేదు."

సేటు పలక దిగాడు. అంకెలు తగ్గాయి. కందిపప్పు రంగు మొహంతో కిటికీ దగ్గరికి వచ్చాడు.

"ఏయ్ పిల్లా, ఇంకేమేం తప్పులు జరుగుతయి దీంట్ల?"

"ఆలోచించాలె సేటు."

"గా ఫైలు చెప్పదా?"

"దానికి మీరు తెల్వదు సేటు. ఇప్పుడు ఎక్కిస్తం."

మజహర్ నవ్వు ఆపుకోలేక బల్ల కిందికి వంగాడు. సేటు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"మంచిగ ఆలోచించు. రేపటి సంది నీ కుర్చీ కిటికీకి ఎదురుంగ ఏసుకో, బయట గూడ కనబడాలె. ముందైతే బాలప్ప బండి కొట్టు."

ఖుర్షీద్ పలక మీదికి మరోసారి తొంగిచూసింది. ఎడ్ల కాళ్లు తప్ప ఎవరి కాళ్లూ లేవు. అంకెలు కొట్టింది.