మన బోటు

2023 ఏప్రిల్ 22, శనివారం. ఆ రోజు మేము నలుగురం తిన్నది ముందు రాత్రి కలిపి ఉంచిన పులిహోర, అరటికాయ వేపుడు, ఊళ్ళో బేకరీలో కొన్న ఆపిల్ పేస్ట్రీలు. అడిలైడ్‌కి తూర్పున, మర్రీ నది ఒడ్డున మ్యానమ్ అనే చిన్న ఊళ్ళో బోటు మొదటిసారి నీళ్ళలోకి దిగిన రోజు అది. ఆ ఊరి పేరును మా ఆవిడ మంగళ మొదటినుంచీ 'మానం' అనే పలికేది. ట్రాలీ మీంచి జారిన బోటు నీళ్ళ మీద కుదురుకోగానే, "మానంలో దిగాం, ఇక మర్యాదగా నడపండి ఇద్దరూ" అంది. నా స్నేహితుడు శేషగిరికి పులిహోర పొలమారింది. వాళ్ళావిడ హరిప్రియ వాడి నెత్తి మీద తట్టింది.

బోటు పొడుగ్గా, సన్నగా, రైలుపెట్టెలా ఉంటుంది. ఇంగ్లండు కాలవల్లో తిరిగే రకం. ఒక ముసలి ఇంగ్లీషాయన తన షెడ్డులో ఉక్కు డొప్ప వరకూ కట్టుకుని, కంటిచూపు తగ్గి, ఆపేశాడు. దాన్ని చూసి వచ్చి నాకు చెప్పింది శేషగిరే. కాకినాడలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మాది ఒకటే హాస్టలు గది. వాడు ముందు అడిలైడ్ వచ్చి కంప్యూటర్ల ఉద్యోగంలో చేరాడు. తరవాత నన్ను రమ్మన్నాడు. నేనిక్కడ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు గానీ పద్దెనిమిదో ఏటినుంచీ బావా అంటే బావా అనుకున్నాం.

ఇద్దరం చెరిసగం పెట్టుకుని బోటు కొన్న వారమే మంగళకి ఆపరేషన్. నేను ఆసుపత్రిలో ఉంటే రిజిస్ట్రేషన్ పని వాడే చూసుకున్నాడు. తన ఒక్కడి పేరునే చేయించాల్సి వచ్చిందని నొచ్చుకుంటూ చెప్పాడు. "పేరు ఎవరిదైతేనేం బావా, మన బోటే కదా" అన్నాడు. నేనూ అంతేననుకున్నాను.

లోపలి పనంతా నేను చేశాను. గోడలకి చెక్క, వంటగట్టు, అలమరలు, మంచం. శేషగిరికి సుత్తి పట్టుకోవడం రాదు. వాడు టిఫిన్లు తెచ్చేవాడు, మనుషుల్ని తెచ్చేవాడు, చెక్కపొట్టులో కుర్చీ వేసుకుని హాస్టలు కబుర్లు చెప్పేవాడు. పని చేసినవాడికి అదీ ఒక సాయమే. మంగళ అడిగింది ఒకటే. పడుకుంటే నీళ్ళు కనబడేలా మంచం పక్కన కిటికీ. ఉక్కు కోయడానికి మనిషిని పెట్టి ఆ కిటికీ పెట్టించాను. బోటుకి 'నెమ్మది' అని పేరు పెట్టిందీ, తెలుగు అక్షరాల్లో ఆ పేరు రాసిందీ తనే. మనిషి నడక కంటే కాస్త ఎక్కువ వేగం, అంతే. ఆ నడకకి ఆ పేరు సరిపోయింది.

పోయినేడు చలికాలంలో మంగళ వెళ్ళిపోయింది.

ఆ తరవాత నేను అద్దె ఇంట్లో ఉండలేకపోయాను. బోటులోకి మారిపోదామనుకున్నాను. మా నాన్నది గోదావరి డెల్టా. నీటి మట్టం పెంచి, దించి పడవల్ని దాటించే లాకులనే మాట మాకు రోజూ తాగే నీళ్ళలాంటిది. ఒడ్డున మనుషులు తాడుతో లాగితే నడిచే కాలవ పడవల్లో మా తాతగారు రాజమండ్రి పోయి వచ్చేవారట. నీళ్ళ మీద బతకడం నాకేమీ వింతగా తోచలేదు. టూవూంబాలో డాక్టరుగా ఉన్న మా అమ్మాయి అపూర్వ ఫోన్లో నిజంగానేనా అని రెండుసార్లు అడిగి, "ఓకే నాన్నా, మీ ఇష్టం" అంది. ఇంటివాళ్ళకి ఖాళీ చేస్తానని చెప్పేశాను. పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దుతుంటే శేషగిరి వచ్చి టేపు అంటించాడు కూడా.

ఈ మార్చిలో వాడు ఫోన్ చేశాడు. మెల్‌బోర్న్ దగ్గర క్రాన్‌బర్న్ నుంచి తెలిసినవాళ్ళు ఖాదర్, జరీనా అని భార్యాభర్తలు వస్తున్నారట, బోటు చూస్తారట. స్వాన్ రీచ్‌లో కట్టి ఉన్న బోటుని బ్లాంచ్‌టౌన్ దాకా తీసుకెళ్ళి లాకు దాటించి చూపిద్దామన్నాడు. "నువ్వు లేకపోతే బోటు కదలదు బావా" అన్నాడు. ఆ మాటకి ఆ రోజంతా సంతోషంగా ఉన్నాను.

ఖాదర్ది కావలి. నలభై దాటిన మనిషి, మందుల షాపు నడుపుతాడు. నన్ను చూడగానే "అంకుల్" అని రెండు చేతులతో చెయ్యి పట్టుకున్నాడు. జరీనా చెప్పులు ఒడ్డునే విడిచి బోటెక్కింది. వద్దమ్మా, వేసుకుని రావచ్చన్నాను. "ఇల్లు లాగుంది అంకుల్, కాలు రాలేదు" అంది. ఆ మాట తరవాత చాలాసార్లు గుర్తొచ్చింది.

పొద్దున్నే బయల్దేరాం. చుక్కాని నా చేతిలో ఉంది. రెండు పక్కలా పసుపుపచ్చ సున్నపురాతి గోడలు, వాటి బొరియల్లో కాకటూ చిలకలు. పెలికాన్లు మమ్మల్ని చూసి కూడా కదల్లేదు. ఖాదర్ నా పక్కనే నిలబడి ప్రతిదీ అడిగాడు. వెనక్కి వేస్తే తోక ఎటు లాగుతుంది, ఎదురుగాలికి ఎంత దూరంలో మళ్ళించాలి, ఇంజను ఆగిపోతే ఏంచెయ్యాలి. శ్రద్ధగల మనిషని ముచ్చటేసి అన్నీ చెప్పాను. ఎడమకి లాగుతుందని, దాన్ని తిట్టకుండా ముందే కుడికి తిప్పి ఉంచుకోవాలని చెప్పాను. కాసేపు చుక్కాని అతనికే ఇచ్చాను.

లోపల్నుంచి శేషగిరి గొంతు వినబడింది. జరీనాకి వంటగట్టు చూపిస్తున్నాడు. "మన బోటులో గ్యాసు ఇక్కడ కట్టెయ్యాలమ్మా. పడుకునే ముందు మర్చిపోకూడదు."

మన అన్న మాట చెవిన పడింది. పట్టించుకోలేదు. మనవాళ్ళు వచ్చినవాళ్ళతో అలాగే అంటారు. మనిల్లే అనుకోండి, మన కారులోనే వెళ్దాం రండి. మర్యాదకి అనే మాట అది. పైగా శేషగిరి లోకాన్నంతా మన అనే మనిషి.

మధ్యాహ్నం జరీనా తెచ్చిన చికెన్ పలావు తిన్నాం. నాకు కారం పడదని శేషగిరి చెప్పాడట, పెరుగుపచ్చడి విడిగా పెద్ద డబ్బా తెచ్చింది.

లాకు దగ్గర పచ్చదీపం పడేదాకా ఆగి, గోడల మధ్యకి మెల్లగా దూర్చాం. వెనక గేటు మూసుకుంది. ఖాదర్ గోడ మీది కొక్కేనికి తాడు ముడి వెయ్యబోతుంటే వద్దన్నాను. లాకులో తాడు కట్టకూడదు, పట్టుకోవాలి. నీళ్ళు లేస్తున్నకొద్దీ చేతుల్లోకి లాక్కుంటూ ఉండాలి. అతను అలాగే చేశాడు. చీకటి గోడల మధ్య నుంచి బోటు పైకి తేలుతూ ఎండలోకి వచ్చింది. జరీనా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. పైనుంచి లాకు మనిషి చెయ్యి ఊపాడు. మంగళ ఉంటే ఆయనకి కూడా పులిహోర ఇచ్చేది.

లాకు పైన ఒడ్డుకి చేర్చి కట్టాం. కట్టేటప్పుడు వెనక తాడు పీచులు లేచి ఉండటం చూశాను. నేను ఇందులోకి మారేలోగా దీన్ని మార్చాలి బావా అన్నాను.

శేషగిరి ఫోన్ చూసుకుంటూ అలవోకగా అన్నాడు. "మా బోటుకి తాళ్ళు ఖాదర్ గార్లు కొత్తవి తెస్తార్లే బావా. నువ్వు వాటి గురించి బెంగపెట్టుకోకు."

మా బోటు. నాతో అంటున్నాడు. ఇంకెవరితోనైనా అని ఉంటే అందులో నేనూ ఉండేవాణ్ణి. నాతోనే అన్నాక అందులో నేను లేను. పొద్దున్న జరీనాతో అన్న మన కూడా అప్పుడే అర్థమైంది. అది మర్యాద కాదు.

వాడికీ తెలిసింది. ఫోన్ మీంచి తల ఎత్తలేదు.

"మా అంటే ఎవరెవరు శేషగిరీ?" అన్నాను.

వాడు చాలాసేపు చెప్పాడు. నా వాటా ఖాదర్ తీసుకుంటున్నాడు. వచ్చే నెలలో బోటుని నది మీదుగా ఎచూకా వైపు తీసుకెళ్తారు, మెల్‌బోర్న్ వాళ్ళకి దగ్గరని. నేను బాధపడతానని ముందు చెప్పలేదు. ఇదంతా నా కోసమే. ఈ వయసులో ఒంటరిగా నీళ్ళ మీద ఏమిటి? అపూర్వ ఏడుస్తూ ఫోన్ చేసింది, ఎలాగైనా ఆపమంది. చేసిన ఖర్చుకి నాకు అన్యాయం జరగనివ్వడు. ఆ చివరి మాట వద్దన్నట్టు చెయ్యి ఎత్తాను. అప్పుడు వాడి గొంతు మారింది.

"నువ్వే చెప్పు బావా. నువ్వు అందులో కాపురం పెడితే మేమెక్కడికి పోవాలి? వీకెండ్ వస్తే నీ ఇంటికి చుట్టాల్లా తలుపు కొట్టి రావాలా?"

రోజంతటిలో వాడు చెప్పిన నిజమైన మాట అదొక్కటే అనిపించింది. అది ముందే అడిగి ఉంటే ఏదో దారి వెతికేవాళ్ళం. అడగకుండా నన్ను పిలిచి, నా చేతే ఖాదర్‌కి బోటు నేర్పించాడు. శేషగిరికి చుక్కాని పట్టడం రాదు కదా మరి.

ఖాదర్ గట్టు మీదనుంచి విన్నాడు. మొహం పాలిపోయి దగ్గరికొచ్చాడు. "అంకుల్, మీరే వద్దనుకున్నారని చెప్పారు. అమ్మగారు పోయాక మీకు ఈ బోటు చూడబుద్ధి కావట్లేదని చెప్పారు. అల్లా మీదొట్టు, నాకింకేం తెలీదు." మళ్ళీ నా చెయ్యి పట్టుకుని, "మీరు ఊఁ అనండి, మేం ఇప్పుడే వదిలేసి పోతాం" అన్నాడు.

ఆ మనిషి అలా అనడం చాలని అనిపించింది. వదిలేస్తే వదిలేస్తాడు. రేపు శేషగిరి ఇంకొకర్ని తెస్తాడు, వాళ్ళు ఈ మాట కూడా అడగరు. ఒకవేళ ఎవరూ రాకపోయినా, రాత్రి ఆ కిటికీ పక్కన పడుకుని ఒడ్డు మీద అడుగుల చప్పుడు వినబడితే వాడేనేమోనని లేచి కూర్చుంటాను. అలాంటి చోట ఎలా ఉంటాను? తాడు ఇవాళే మార్చండి బాబూ, రేపు గాలి ఉంటుందన్నాను. బట్టల సంచీ తీసుకున్నాను. జరీనా పెరుగుపచ్చడి డబ్బా సంచీలో పెట్టింది.

"ఎక్కడికి బావా? రేపు తిరుగు ప్రయాణం ఎవరు నడుపుతారు?" అన్నాడు శేషగిరి.

"మీ బోటు మీరే తెచ్చుకోండి, శేషగిరి గారూ."

పద్దెనిమిదో ఏటినుంచీ వాణ్ణి మీరు అన్నది లేదు. హాస్టల్లో కొట్టుకున్న రోజు కూడా నువ్వే. వాడు చెంపదెబ్బ తిన్నవాడిలా చూశాడు.

ఒడ్డునే, గదులు అద్దెకిచ్చే కారవాన్ పార్కు ఉంది. ఆఫీసు మూసే వేళకి వెళ్ళాను. అక్కడి పెద్దావిడ నా మొహం చూసి, చెక్క గది తాళంతో పాటు చిన్న పాల డబ్బా చేతిలో పెట్టి, పొద్దున టీకి అంది. పక్క గదివాళ్ళకి పసిబిడ్డ ఉందని, ఏడిస్తే ఏమనుకోవద్దని చెప్పింది.

అపూర్వకి ఫోన్ చేశాను. శేషగిరి అంకుల్‌తో ఏం చెప్పావమ్మా అని మాత్రం అడిగాను.

"నాన్నా, I was scared, okay? రాత్రి కాలు జారితే ఎవరు చూస్తారు? అంకుల్‌ని మీతో మాట్లాడమన్నా, just talk. బోటు తీసేసుకోమని నేనెందుకు అంటాను?" మళ్ళీ తనే, "మీతోనే చెప్పాల్సింది. Sorry నాన్నా" అంది.

అవునమ్మా, నాతోనే చెప్పాల్సింది అన్నాను. కోప్పడలేదు, ఫరవాలేదనీ అనలేదు. అన్నం తిన్నావా అని అడిగితే అవతల ఏడుపు వినబడింది. తన డ్యూటీ కబుర్లు చెప్పించుకుని, ఆ గొంతు సర్దుకున్నాకే పెట్టేశాను. ఎప్పుడు ఎక్కడికి మారతానో తనూ అడగలేదు, నాకూ తెలియదు. పెరుగుపచ్చడి స్పూనుతో తిన్నాను. బాగుంది. పక్క గదిలో బిడ్డ ఏడ్చి ఏడ్చి, ఎవరో జోకొడుతుంటే ఊరుకుంది.

అప్పుడు మెట్ల మీద అడుగులు. శేషగిరి. బోటులో మర్చిపోయిన నా బీపీ మాత్రల పెట్టె తెచ్చాడు. ఇక్కడిదాకా నడిచి వచ్చినందుకు వాడి మోకాళ్ళు నొప్పెడుతున్నాయని నాకు తెలుసు. కూర్చోమని నోటిదాకా వచ్చింది.

"బావా, ఒక్క మాట విను" అన్నాడు.

"థాంక్స్ అండీ. బిడ్డ ఇప్పుడే నిద్రపోయింది" అన్నాను మెల్లగా.

వాడు ఇంకా నిలబడే ఉన్నాడు. మాత్రల పెట్టె అందుకుని, గడియ చప్పుడు కాకుండా తలుపు వేశాను.