ఎక్కగలిగిన కొండ

మిషిగన్‌లోని నోవై ఊళ్ళో ఇల్లు కొన్న కొత్తలోనే మోహన్ ఒక శాసనం చేశాడు. వేయించడాలన్నీ గరాజ్‌లోనే జరగాలి. ఇంట్లో మూకుడు పెడితే ఆ నూనె వాసన కోట్లకు పట్టేసి, ఆఫీసులో తెల్లవాళ్ళు ముక్కు చిట్లిస్తారట. కోటు అతనిది, ముక్కు వాళ్ళది, గరాజ్ మాత్రం భార్య కృష్ణవేణిది. అందుకని ఆ శనివారం సాయంత్రం ఆమె మంచు ఎత్తే పారకీ, లాన్ మూవర్‌కీ మధ్య గ్యాస్ పొయ్యి ముందు నిలబడి ఎనిమిది కుటుంబాలకి సరిపడా గారెలు వేస్తోంది. పొగ పోవడానికి గరాజ్ తలుపు సగం ఎత్తిపెట్టింది. మిషిగన్‌లో సెప్టెంబరు చివరికొచ్చిందంటే సాయంత్రాలు చలి మొదలవుతుంది. వీపుకి చలి, మొహానికి సెగ. నిజానికి ఆ పూట పార్టీ ఆమెకి కూడానట. ఇద్దరూ కలిసి ఆఫ్రికా వెళ్ళి కిలిమంజారో ట్రెక్ చేసి వచ్చినందుకు మోహన్ స్నేహితులందరినీ పిలిచాడు. కింద బేస్‌మెంట్‌లో పెద్ద తెర కట్టి ఫోటోలు చూపిస్తున్నాడు.

రెండో వాయి పళ్ళెంలో సర్దుకుని ఆమె మెట్లు దిగేసరికి కథ ఆఖరి రోజుకి వచ్చింది. తెర మీద నల్లటి రాళ్ళ వాలు, దాని పైన ఎర్రబడుతున్న ఆకాశం.

"ఇదిగో, ఇక్కడ" అంటున్నాడు మోహన్, లేజర్ చుక్కని ఆ వాలు మీద తిప్పుతూ. "ఇంకొక్క గంట నడిస్తే కొండ అంచు. అంచు కనిపిస్తోంది కూడా. అప్పుడు వేణి నా చెయ్యి పట్టుకుని, నావల్ల కాదండీ, దిగిపోతాను అంది. ఏం చేస్తాం చెప్పండి? కొండ ఎక్కడికి పోతుంది? పెళ్ళాన్ని వదిలేసి పైకెక్కి ఎవరితో ఫోటో దిగను?"

బేస్‌మెంట్ అంతా "అబ్బ" అంది. రేణు అయితే సోఫాలోంచి లేచి నిలబడింది. "మా రవి అయితే నన్ను ఏ రాయి మీదో కూర్చోబెట్టి, ఇక్కడే ఉండు వస్తా అని చెక్కేసేవాడు. మోహన్‌గారు బంగారం వేణిగారూ! ఇవాళ దిష్టి తియ్యండి."

"అంతెత్తులో ఆడవాళ్ళకి ఊపిరి చాలదు రేణూ, వాళ్ళ తప్పు కాదు" అన్నాడు రవి, గారె తుంచుకుంటూ.

అందరూ నవ్వారు. కృష్ణవేణి కూడా నవ్వింది. పళ్ళెం ఒక్కొక్కరి ముందుకీ చాపుతూ, ఇంకోటి వేసుకోండి అంటూ నవ్వుతూనే ఉంది. మెట్ల మీద కూర్చుని ఉన్న కూతురు భవిత మాత్రం నవ్వలేదు. పద్నాలుగేళ్ళ పిల్ల, తల్లి వైపు జాలిగా చూస్తోంది. ఆ జాలికి కృష్ణవేణి చేతిలో పళ్ళెం ఒక్కసారి బరువెక్కింది. గారెలు అయిపోవచ్చాయని వంక పెట్టుకుని మళ్ళీ గరాజ్‌కి పోయింది.

అసలు ఆ కొండకి ఆమెని ఎవరూ పిలవలేదు. వెళ్ళాల్సింది మోహన్, అతని ఆఫీసులో నలుగురు, ఇంకా రవి. రవి మోకాలు జూన్‌లో వాచిపోయింది. ఆ మోకాలి పుణ్యమా అని మోహన్ టెంట్‌లో ఒక చోటు ఖాళీ అయింది. "నువ్వు రాకూడదూ? నా వెనకాల నెమ్మదిగా నడువు, ఎంతవరకు రాగలిగితే అంతవరకు" అన్నాడు, షాపుకి తోడు రమ్మన్నంత తేలిగ్గా. విజయవాడ నుంచి అత్తగారు ఫోన్‌లో "ఆడదానివి, నీకు కొండలెందుకే?" అని దీర్ఘం తీసి, ఒక్క క్షణం ఆగి, "పోనీలే, వాడికి వేళకి ఇంత తిండి ఎవరు చూస్తారు, వెళ్ళు" అని అనుమతి ఇచ్చింది. ఆవిడ లెక్కలో అది విహారయాత్ర కాదు, డ్యూటీ. భవితని రేణు ఇంట్లో దింపి వెళ్ళారు. ప్రాక్టీసుకని మోహన్ జిమ్‌లో చేరాడు, మెట్లెక్కే మెషీన్ మీద చెమటలు కక్కాడు, ఇంటికొచ్చి కాళ్ళు చాపి ప్రొటీన్ షేక్ అడిగాడు. కృష్ణవేణికి ప్రాక్టీసు ఎక్కడిదంటారా? వాషింగ్ మెషీన్ బేస్‌మెంట్‌లో, బట్టల అల్మరాలు మేడ మీద. ఆ ఇల్లు కట్టినవాడెవడో గాని, బుట్టెడు బట్టలతో ఆమెని పదేళ్ళుగా కొండకి తయారుచేస్తూనే ఉన్నాడు.

కొండ మీద ఆమెకి మొదట తెలిసి వచ్చింది ఆకలి. రోజంతా నడిచి, నాచు పట్టిన అడవి దాటి, టెంట్లు వేసిన చోటికి చేరేసరికి వంటవాడు వేడి టీ, పేలాలు తెచ్చి ముందు పెట్టి "మామా, తినండి" అన్నాడు. అక్కడ ఆడవాళ్ళని గౌరవంగా అలాగే పిలుస్తారు. తను వండనిది, తను వడ్డించనిది, తన ముందుకి నడిచొచ్చింది. ఆమె టీ కప్పు రెండు చేతులా పట్టుకుని తాగడం మర్చిపోయింది. మోహన్ చూసి "ఎత్తు పడట్లేదా?" అని అడిగాడు. టెంట్‌లోకి వెళ్ళాక మాత్రం మళ్ళీ ఇల్లే. అతని స్లీపింగ్ బ్యాగ్ పరవడం, నీళ్ళ సీసాలు నింపడం, తడిసిన మేజోళ్ళు ఆరబెట్టడం, నడుం పట్టేసిందంటే బామ్ రాయడం. అయినా ఆమెకి విసుగు రాలేదు. పొద్దున్నే టెంట్ జిప్ తీస్తే కింద మబ్బులు కనిపించేవి. నలభై రెండేళ్ళలో మబ్బులు తన కన్నా కింద ఉండడం అదే మొదటిసారి, విమానం మాట వదిలేస్తే. నడుస్తుంటే కాళ్ళు వాటంతటవే ముందుకు పడేవి. మిగతావాళ్ళకి తలనొప్పి, వాంతులు. ఆమెకి నిద్ర కూడా పట్టింది. ఈ ఒళ్ళు నాదేనా అని రోజూ రాత్రి తన మోకాళ్ళని తనే తడిమి చూసుకునేది. ఇరవై ఏళ్ళుగా అందరికీ అన్నీ అందించడానికి వాడుకున్న ఒళ్ళు, దానికి ఇంకో పని కూడా వచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

ఆఖరి ఎక్కుడులో తెల్లవారుతుండగా మోహన్ కూలబడ్డాడు. రెండుసార్లు కక్కుకున్నాడు, లేచి నిలబడలేకపోయాడు. గైడ్ గాడ్‌ఫ్రే వచ్చి కళ్ళూ మాటా పరీక్షించి, ప్రమాదం లేదు, కిందికి దిగితే తగ్గిపోతుంది అన్నాడు. ఒకరు దిగాల్సి వస్తే వాళ్ళతో ఒక గైడ్ దిగుతాడు, మిగతావాళ్ళు ఎక్కుతారు. అది ఆ కొండ మీద పద్ధతి, మొదటి రోజే చెప్పారు. రెండో గైడ్ అప్పటికే మోహన్ చంకలో చెయ్యి వేసి లేపుతున్నాడు. గాడ్‌ఫ్రే ఆమె వైపు తిరిగి "మామా, మీరు బాగున్నారు. పదండి, ఇంకొక్క గంట" అన్నాడు.

అప్పుడు మోహన్ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి పట్టుకున్నది అతనే. పక్కనే ఆఫీసువాళ్ళు నిలబడి ఉన్నారు గనక తెలుగులో అన్నాడు. "నువ్వెక్కి నేను దిగితే రేపు నోవైలో నా మొహం ఎక్కడ పెట్టుకోవాలే?"

ఏమన్నాడని గాడ్‌ఫ్రే అడిగాడు. నలుగురూ ఆమె వంకే చూస్తున్నారు. ఇంకొక ఆడది అయితే ఏం చెప్పేదో గాని, కృష్ణవేణికి ఇలాంటి చోట చెప్పడానికి ఒకటే మాట అలవాటు. రేణు ఇంటికి వెళ్ళడం మోహన్‌కి ఇష్టం లేని రోజున తలనొప్పి కృష్ణవేణికి వచ్చేది. రెండో బిడ్డ వద్దని అతను అనుకుంటే, నాకే ఆరోగ్యం బాగోలేదు అత్తయ్యా అని ఫోన్‌లో చెప్పి తిట్లు తిన్నది ఆమే. గ్రీన్ కార్డ్ వచ్చిన ఏడాది ఆన్ ఆర్బర్‌లో ఆమె కెమిస్ట్రీ చదువుకి తగ్గ లాబ్ ఉద్యోగం వచ్చింది. అంత దూరం డ్రైవ్ చెయ్యాలంటే నాకు భయం అని అందరికీ చెప్పి, ఇంటి పక్క పళ్ళ డాక్టరు దగ్గర ఫోన్లు ఎత్తే పనిలో చేరింది. భయపడ్డది ఆమె కాదు, సాయంత్రం ఇంటికొస్తే కాఫీ ఇచ్చేవాళ్ళుండరని అతను. కాబట్టి ఆ తెల్లవారుజామున కూడా నోరు దానంతటది తెరుచుకుంది. నావల్ల కాదు, నేనూ దిగిపోతాను అని ఇంగ్లీషులో, నలుగురికీ వినపడేలా చెప్పింది. గాడ్‌ఫ్రే కాసేపు ఆమె మొహంలోకి చూసి, సరే మామా అన్నాడు. దిగుతున్నప్పుడు వీపు మీద ఎండ పడింది. వెనక్కి తిరిగి చూడాలని ఉన్నా చూడలేదు, మోహన్ బ్యాగ్ కూడా ఆమె భుజానే ఉంది.

అతిథులంతా వెళ్ళాక గిన్నెలు తోముతూ అడిగింది. "అలా చెప్పారేంటండీ?"

"ఎలా?" మోహన్ మిగిలిన గారెలు డబ్బాలో వేసుకుంటున్నాడు. "నేనేమన్నా కల్పించానా? గాడ్‌ఫ్రేతో నువ్వే కదా అన్నావ్, ఐ కాంట్ అని. మా ఆఫీసువాళ్ళు నలుగురూ విన్నారు. కావాలంటే అడుగు."

"మీరు దిగి రమ్మంటేనే కదా."

"నేను లక్ష అంటాను. నీకు అంత ఎక్కాలని ఉంటే ఎక్కాల్సింది. నిన్నేమన్నా తాడేసి లాగానా?" అని, ఆమె మొహం చూసి గొంతు తగ్గించాడు. "అయినా నిన్నెవరేమన్నారు వేణీ? అందరూ జాలిపడ్డారు గాని. ఇంత చిన్నదానికి ఇదా?"

నిజమే, తాడు లేదు. ఆమె సింక్‌లోకి వంగి మూకుడు జిడ్డు గీకింది.

మర్నాడు ఆదివారం, పార్కులో భవిత వాళ్ళ క్రాస్ కంట్రీ టీం ప్రాక్టీసు. ఆ పిల్ల ఏడో క్లాసు నుంచీ పరిగెడుతోంది. ఈ ఏడు కోచ్ తనని పెద్ద పిల్లల టీంలోకి తీసుకున్నాడు. ఆ కబురు తెచ్చిన రోజు ఇంటి ముందు నుంచి అమ్మా అని అరుస్తూ వచ్చింది. కృష్ణవేణి కారు నడుపుతోంది. పార్కు రోడ్డు దగ్గరపడేసరికి భవిత "టర్న్ చెయ్యకమ్మా" అంది. "ఇంటికి పోదాం. నేను టీం క్విట్ అవుతున్నా."

"అదేంటే? ఏమైంది?"

"లాస్ట్ మైల్‌లో నాకు ఊపిరి రాదు. అందరూ ముందుకి వెళ్ళిపోతారు. పొద్దున నాన్నకి చెప్పాను. ఇట్స్ ఓకే, నీది అమ్మ బాడీ, అమ్మకి కూడా లాస్ట్‌లో కుదర్లేదు కదా, బాధపడకు అన్నాడు." చెయ్యి చాపి తల్లి భుజం మెల్లగా తట్టింది. "నీ తప్పు కాదమ్మా. ఎవ్రీబడీ స్ట్రాంగ్‌గా ఉండరు."

కృష్ణవేణి కారు పక్కకి తిప్పి, ఇంకా తెరవని ఇండియన్ గ్రోసరీ ముందు పార్కింగ్‌లో ఆపింది. తన మీద ఎన్ని వేసుకున్నా తనతోనే పోతాయనుకుంది ఇన్నాళ్ళూ. తలనొప్పి, అనారోగ్యం, భయం, అన్నీ తన ఖాతాలోనే ఉండిపోతాయనుకుంది. అవి పిల్ల ఒంట్లోకి దిగుతాయని ఆమెకి తట్టలేదు. ఈ ఒక్కటీ దిగనివ్వకూడదు, ఈ పిల్ల పరుగు ఆగకూడదు అనుకుంది. చెప్పింది. పేలాల దగ్గర మొదలుపెట్టి అన్నీ చెప్పింది, మబ్బులు, మోకాళ్ళు, గాడ్‌ఫ్రే అన్న మాట. కక్కుకున్నది నాన్న, నేను కాదు అని కూడా చెప్పింది.

భవిత సీటులో ఇటు తిరిగి కూర్చుంది. "ఫర్ రియల్? నీకు హెడేక్ కూడా రాలేదా?"

"రాలేదు."

"నువ్వు టాప్‌కి వెళ్ళగలవా?"

"వెళ్ళగలను. నా దగ్గర ఇంకా చాలా ఓపిక ఉంది."

పిల్ల కళ్ళు పెద్దవయ్యాయి. తల్లిని అదే మొదటిసారి చూస్తున్నట్టు పై నుంచి కింది దాకా చూసింది. అలాంటి చూపు కృష్ణవేణి మీద ఎవరిదీ పడి ఎరగదు, పెళ్ళిలో కూడా. ఆ నిమిషంలో ఆమె గుండె నిండిపోయింది. ఇక భవిత బూట్ల లేసులు బిగించుకుంటుంది, పద అమ్మా లేటవుతోంది అంటుంది అనుకుంది.

"మరి ఎందుకు దిగావు?" అంది భవిత.

"నాన్నకి బాగోలేదు కదా."

"నాన్నతో గైడ్ ఉన్నాడు కదా?"

"ఉన్నాడు."

"నాన్న చచ్చిపోతాడని భయమేసిందా?"

ఇక్కడ అవునని ఉంటే సరిపోయేదేమో. కానీ ఈ ఒక్క రోజూ అబద్ధం ఆడకూడదని కదా ఆమె కారు ఆపింది. "లేదు. దిగితే తగ్గిపోతుందని చెప్పారు."

"మరి?"

"నాన్న రమ్మన్నారు."

"దట్స్ ఇట్?"

చెప్పడానికి పెద్ద పెద్ద మాటలు ఉన్నాయి. కాపురం, గౌరవం, నలుగురిలో పరువు, సర్దుకుపోవడం. తన తల్లి తనకి చెప్పినవి, అత్తగారు చెప్పినవి, తనకి తను చెప్పుకున్నవి. ఈ పిల్లకి అర్థమయ్యే భాషలో వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. "అంతే" అంది.

భవిత ముందుకి తిరిగి కూర్చుంది. దుకాణంవాడు వచ్చి తలుపు తాళం తీసి, బయట బియ్యం బస్తాల బండి సర్దుకుంటున్నాడు.

"నువ్వు ఎక్కలేకపోతే అది జస్ట్ బాడీ" అంది చివరికి, అతన్నే చూస్తూ. "నేను ఇంకా ప్రాక్టీస్ చేస్తే నాకు అది పోవచ్చు. కానీ నువ్వు ఎక్కగలవు, ఇంకా ఓపిక ఉంది, నాన్న కమ్ అంటే వచ్చేశావు, అది నాకూ వస్తే..." పూర్తిచెయ్యలేదు. స్వెట్‌షర్ట్ చేతులు వేళ్ళ మీదికి లాక్కుంది.

కృష్ణవేణి దాని చెయ్యి పట్టుకోబోయింది. భవిత చెయ్యి వెనక్కి తీసుకుని, కోపం లేకుండానే, బతిమాలుతున్నట్టు అంది.

"అమ్మా, నేను నాన్న చెప్పిందే నమ్ముతా. ఓకే? నువ్వు ఎక్కలేకపోయావనే అనుకుంటా. ప్లీజ్."