మానుకోట కచేరీలో చదివిన కాగితం

వకీలు చదువు చదివినవాడు వకీలవుతాడు. డాక్టరు చదువు చదివినవాడు దవాఖానలో కూర్చుంటాడు. మరి చరిత్ర చదివినవాడు ఏమవుతాడు? నెల్లికుదురు పక్కనున్న ఆ ఊళ్లో ఈ మాట అడగనివాళ్లు లేరు. యాకమ్మకూ అదే దిగులు. మొగుడు పోయాక నాట్లు వేసి, కలుపు తీసి, ఒక్కగానొక్క కొడుకు రాజమల్లును హైదరాబాదులో బీఏ దాకా చదివించింది. వాడేమో పోయి పోయి చచ్చిన రాజుల వెంట పడ్డాడు.

"బడిపంతులు కావొచ్చు అవ్వా. లేకుంటే సర్కారు దఫ్తరుల పాత కాయితాలు చదివే పని ఉంటది" అనేవాడు.

"పాత కాయితాలు చదివితే కొలువెవడిస్తడు?" అని ఆమె నిట్టూర్చేది.

అప్పటికి నిజాం రాజ్యం పోయి ఏడాదిన్నర. కమ్యూనిస్టుల సంఘానికి భయపడి గడీ వదిలి పారిపోయిన దొర పోలీసుల వెనకే తిరిగొచ్చాడు. వస్తూనే తండా వాళ్లు దున్నుకుంటున్న ముప్పై ఎకరాలు తనవేనన్నాడు. అది తండాలోని హీర్యా వాళ్ల తాత అడవి కొట్టి చేసిన భూమి. హీర్యా తండ్రే దాన్ని అమ్మేశాడని దొర ఒక ఉర్దూ కాగితం తీశాడు.

మానుకోట కచేరీలో విచారణ పెట్టారు. కొత్త తహసీల్దారు కోస్తా మనిషి, ఉర్దూ రాదు. నిజాం కాలం నుంచి కచేరీ రాతకోతలు చూస్తున్న ముసలి పేష్కారుకు సన్నటి రాత ఆనదు. కాగితం చదివి చెప్పడానికి బీఏ అంతా ఉర్దూలో చదివిన రాజమల్లు దొరికాడు. దొర గుమాస్తా సోమనర్సయ్య కాగితం పట్టుకుని ఇంటికే వచ్చాడు.

"ఉన్నది ఉన్నట్టు చదువు బిడ్డా. కచేరీల కొలువు నీదే. దొర మాటిచ్చిండు."

యాకమ్మ ఉన్న ఒక్క కోడినీ కోసి పెట్టింది. ఎవరి నోటి కాడి కూడు పోతుందో ఆమెకు తెలియక కాదు. ఇన్నేళ్లు ఎదురుచూసిన కొలువు గడప తొక్కితే ఏ తల్లయినా కళ్లు మూసుకుంటుంది.

విచారణ నాడు హీర్యా, అతని పెండ్లాం చాందీ ఒక మూల నిలబడ్డారు. కొడుకు వెంట వచ్చిన యాకమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. రాజమల్లు గడగడా చదివాడు. పదమూడు వందల పదిహేడు ఫసలీలో, అంటే నలభై రెండేళ్ల కింద, హీర్యా తండ్రి భూమి అమ్మి వేలిముద్ర వేశాడని దాని సారం. సోమనర్సయ్య మీసం సవరించుకున్నాడు.

"అంతేనా?" అన్నాడు తహసీల్దారు.

"రాసింది అంతే సార్. కాని గీ కాయితం అప్పటిది కాదు."

"ఎలా చెబుతున్నావయ్యా?"

"పైన సర్కారు ముద్ర చూడుండ్రి. అండ్ల మొన్నటిదాక ఏలిన నిజాం పేరున్నది. గా ఏడాది గద్దె మీద ఉన్నది ఆయన తండ్రి. కొడుకు గద్దెనెక్కింది మూడేండ్ల తర్వాత. ఇంకా రాజు కానోని ముద్ర ఎట్ల పడ్తది?"

తహసీల్దారు ముసలి పేష్కారును పిలిచి ముద్ర చూపించాడు. ఆయన కళ్లజోడు సవరించుకుని నిదానంగా చూసి తలాడించాడు. కాగితం చెల్లదన్నాడు తహసీల్దారు. చాందీ ఉన్నచోటే కూలబడి ఏడ్చింది.

బయటికి రాగానే యాకమ్మ కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నీకు ఇప్పుడే ఎరుకైందా?"

"గుమాస్తా ఇంటికి తెచ్చిన నాడే ఎరుకైంది. నువ్వు సంబురంగ కోడి కోస్తున్నవు. చెప్పబుద్ధి కాలే."

ఆమెకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అన్నిటికన్నా భయమేసింది. సంఘపోడని దొర ఒక్క మాట అంటే చాలు, పోలీసులు మనిషిని ఎత్తుకుపోయే కాలం. పోయిన నెలలో పక్క ఊరి పిల్లవాణ్ణి అట్లాగే తీసుకుపోయారు. ఇంతవరకూ జాడ లేదు.

"నువ్వు ఊరికి రాకు బిడ్డా. గిట్నుంచి గిట్నే రైలెక్కి కాజీపేటల దిగు. మామ ఇంటికి పో."

"మరి నువ్వు? వాళ్లు ఇంటి మీదికొస్తరు కద అవ్వా."

"రానియ్యి. నాకు రాజుల పేర్లు తెల్వయి, ఏండ్లు తెల్వయి. నా కొడుకు అబద్ధం చదువలేదని చెప్పుడు మాత్రం వస్తది."

రైలు కనుమరుగయ్యేదాకా ఆమె ప్లాట్‌ఫారం మీదే నిలబడింది. తర్వాత కొంగు నడుముకు బిగించి, ఒక్కతే ఊరి బాట పట్టింది.