పుట్టినప్పటి హోరు

మైపాడులో పుట్టిన బిడ్డ తల్లి మాట కంటే ముందు సముద్రం హోరు వింటుంది. ఆ ఊళ్ళో ఎవరినడిగినా ఈ సంగతి చెబుతారు. ఎక్కడో ఉత్తరాన ఉన్న మిలిటరీ ఆస్పత్రి డాక్టరుకు మాత్రం తెలియదు. ఆయనకు తెలియదన్న ఊహ జకరయ్యకు రాలేదు. కొంప మునిగింది అక్కడే.

అరవై అయిదు యుద్ధంలో జకరయ్య ఫిరంగికి గుండ్లు అందించేవాడు. ఒక మధ్యాహ్నం శత్రువు గుండు వచ్చి పక్కనే పడింది. ఒంటి మీద గీత పడలేదు గానీ కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో, గట్టిగా అరిస్తే వినబడేపాటి వినికిడి మిగిలింది. ఇక పనికిరాడని పంపించేముందు డాక్టరు ఆ ఎడమ చెవి దగ్గర నోరు పెట్టి హిందీలో అడిగాడు.

"చెవుల్లో సముద్రం హోరు లాగా వినిపిస్తోందా?"

పంజాబు దుమ్ములో సముద్రమన్న మాట విని ఎన్నాళ్ళయిందో. జకరయ్య ముఖం విచ్చుకుంది.

"వినిపిస్తుంది సాబ్."

"ఎప్పటి నుంచి?"

"పుట్టినప్పటి నుంచి సాబ్."

మా ఇల్లు సముద్రం ఒడ్డునే అని చెప్పబోయేలోగా డాక్టరు రాసుకోవడం అయిపోయింది, వెనకవాణ్ణి పిలవడమూ అయిపోయింది.

ఇంటికి చేరిన కొన్నాళ్ళకు ఉత్తర్వు వచ్చింది. చెవిలో జబ్బు పుట్టుకతో ఉన్నది, ఉద్యోగం వల్ల వచ్చిందీ కాదు, ఉద్యోగంలో ముదిరిందీ కాదు, పింఛను ఇవ్వ వీలులేదు. ఆ ఇంగ్లీషు చదివిపెట్టింది అతని భార్య పుష్పకుమారికి అన్నయ్య అయిన జయకుమార్. ఇందుకూరుపేట మిషను బడిలో అయ్యవారు. అచ్చులో ఉన్నమాట అబద్ధం కాదని నమ్మే మనిషి.

"లోపల జబ్బు పెట్టుకోని మా పిల్లను చేసుకున్నావా బావా? ఒక్క మాట చెప్పాలని తోచలేదా నీకు?"

అరవకపోతే జకరయ్యకు వినబడదు, అరిస్తే వీధికంతా వినబడుతుంది. జయకుమార్ అరిచాడు. ఆ సాయంత్రమే చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. పుష్పకుమారిది మొదటినుంచీ సన్నని గొంతు. చర్చిలో ప్రార్థన చేస్తే పక్కనున్న మనిషికే వినబడేది కాదు. గడప దాటుతూ ఏదో అంది. జకరయ్యకు పెదవులు కదలడం కనబడింది, అంతే. జకరయ్యకు తల్లీ తండ్రీ ఎప్పుడో పోయారు. అప్పటినుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలిగించేదీ అతనే, ఆర్పేదీ అతనే.

మాజీ సైనికుల బాగోగులు చూసే నెల్లూరు సోల్జర్ల బోర్డు ఆఫీసులో గుమాస్తా ఓబులేసు ఒకప్పుడు హవల్దారు. జకరయ్య తెచ్చిన కాగితాలన్నీ తిరగేసి, అతని ఎడమ చెవి దగ్గరికి వంగి అరిచాడు.

"పుట్టినప్పటి నుంచి అని నువ్వే చెప్పినావంట గదయ్యా. రాసుండారు ఇక్కడ."

"చెప్పినానన్నా."

"ఎందుకు చెప్పినావు?"

"సముద్రం హోరు ఎప్పటి నుంచి వింటా ఉండావన్నాడు. మాది మైపాడు గదన్నా."

ఓబులేసు కలం కింద పెట్టి కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, ఎదుటి మనిషి నవ్వడం లేదని చూసి ఆగాడు.

"మీ బైబిల్లో జకరయ్యకు మాట పడిపోయిందంట గదా, మా పక్కింటి పాస్టరు చెప్తుంటాడు. నీకూ చెవి బదులు అదే పోయుంటే పింఛను తీసుకోని హాయిగా ఉందువు. సరే, అప్పీలు రాస్తా కూర్చో."

"డబ్బు సంగతి తర్వాతన్నా. నేను దాచిపెట్టలేదని వాళ్ళ చేత రాయించు. ఆ మాట మా బావకు చూపించాల. నా పెండ్లాం ఇంటికి రావాల."

ఓబులేసు కొత్త కాగితం తీశాడు.

చాలాకాలానికి మద్రాసు రమ్మని పిలుపు వచ్చింది. అప్పీలు విచారించే బోర్డులో ముసలి డాక్టరుకు తెలుగు వచ్చు. చెవుల్లో లైటు వేసి చూసి, ఆ తర్వాత గట్టిగా అడిగాడు.

"నీ హోరుకీ సముద్రం హోరుకీ తేడా ఏంటి?"

జకరయ్య నేలచూపులు చూశాడు. ఈసారి తొందరపడలేదు.

"వినడానికి రెండూ ఒకటే సార్. అయితే గుండు పడకముందు సముద్రానికి దూరం పోతే ఆగిపోయేది. నెల్లూరు పోతా ఉంటే ఇందుకూరుపేట దాటేసరికి వినపడేది కాదు. ఇప్పుడు యాడికి పోయినా నా వెంబడే వస్తా ఉండాది. నిద్రలో గూడా."

డాక్టరు ఆ మాట మళ్ళీ చెప్పమన్నాడు. రెండోసారి చెబుతుంటే రాసుకున్నాడు.

అరవై ఎనిమిదిలో వానలు వెనకబట్టాక తీర్పు వచ్చింది. పుట్టుకతో వచ్చిన జబ్బు కాదు, గుండు పేలడం వల్ల కలిగింది, అప్పీలు అంగీకరించడమైనది. ఓబులేసు ఆ ముక్క చెవిలో అరిచి చెప్పి భుజం తట్టాడు. జకరయ్య కాగితం చొక్కా లోపల పెట్టుకుని మైపాడు బస్సెక్కి దారిలో ఇందుకూరుపేటలో దిగాడు.

జయకుమార్ వాకిట్లో నిలబడి రెండుసార్లు చదివాడు. ముఖం చిన్నబోయింది.

"తప్పు నాదే బావా," అని అరిచాడు. ఎదురింటి అరుగు మీద బియ్యం చెరుగుతున్న పేరమ్మ తలెత్తింది.

పుష్పకుమారి తలుపు దగ్గరికి వచ్చింది. చిక్కిపోయింది.

"పెట్టె సర్దుకో, పోదాం," అన్నాడు జకరయ్య.

ఆమె ఏదో చెప్పింది. అతను జయకుమార్ వైపు తిరిగాడు.

"చెప్పు బావా. ఏమంటా ఉండాది?"

"నువ్వు దాచినావని తనెప్పుడూ అనుకోలేదంట."

"మరి ఎందుకు పోయిందంట?"

ఆమె తల వంచుకుని చాలాసేపు మాట్లాడింది. జయకుమార్ వీధి అటూ ఇటూ చూశాడు. చెప్పక తప్పలేదు.

"మాట్లాడేది ఎవురికీ వినపడని ఇంట్లో ఉండలేనంటాది. పొద్దుగూకులూ గోడకు చెప్పుకున్నట్టుండిందంట. గొంతు పెంచబోతే ఏడుపొస్తాదంట. నేను తీసకపోతానంటే, అదే సాకనుకోని వచ్చేసిందంట."

పేరమ్మ చేతిలో చాట ఆగిపోయింది. ఒక ఆడమనిషి మనసులోని మాట ఆమె అన్నయ్య గొంతుతో వీధి చివరిదాకా వెళ్ళింది.

"దీనికి ఏ బోర్డుకు రాయాల బావా?" అన్నాడు జకరయ్య. ఎవరూ నవ్వలేదు.

అతను భార్య ఎదుటికి వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వే చెప్పు. అరవొద్దు. నా వైపు తిరిగి మెల్లిగా చెప్పు, చూస్తా."

ఆమె తలెత్తింది. పెదవులు ఒకసారి కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. కళ్ళలో ప్రాణం పెట్టుకుని చూస్తే అతనికి ఒక్క మాట చిక్కింది. అన్నం. అన్నం తిని పొమ్మంటోంది.

తిన్నాడు. చేపల పులుసు ఎప్పటిలాగే చేసింది. అతను పులుసు బాగుందన్నాడు. ఆమె ఇంకో గరిటె వేసింది.

బస్సు దాకా ఆమె కూడా వచ్చింది. జకరయ్య ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆమె మెట్టు దగ్గర, రోడ్డు మీదే నిలబడింది. కండక్టరు ఏదో అడిగాడు. ఇతనికి వినబడదని తెలుసుకుని, రోడ్డు మీద మనిషివైపు ఒకసారి చూసి, రెండు టిక్కెట్లా అన్నట్టు రెండు వేళ్ళు చూపించాడు.

జకరయ్య ఆమెవైపు చూశాడు. ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది. డ్రైవరు ఇంజను స్టార్టు చేశాడు. పాదాల కింద అదురు తెలిసింది.

జకరయ్య ఒక వేలు చూపించాడు.