వెనక వచ్చే బరువు

రంగరాజు వంగి బంతి ఏరాడు. బకెట్లో వేశాడు. మళ్లీ వంగాడు.

పొద్దున ఎనిమిదింటికే ఎండ వీపు కాలుస్తోంది. రేణిగుంట విమానాశ్రయం దారిలో ఉన్న ఈ మైదానంలో, గోల్ఫ్ నేర్చుకునేవాళ్లు వరసగా నిలబడి బంతులు కొడతారు. వాటిని ఏరుకొచ్చి, కడిగి, మళ్లీ వాళ్ల కాళ్ల దగ్గర పెట్టడం రంగరాజు పని. ఇవాళ కొట్టేవాళ్లెవరూ రాలేదు. మైదానం అమ్ముడుపోయింది. రేపు జేసీబీలు వస్తాయి. ఇక్కడ గోడౌన్ లేస్తుంది. సాయంత్రంలోగా బంతులు, రబ్బరు చాపలు, చుట్టూ కట్టిన వలలు లారీ ఎక్కాలి.

రంగరాజుకి కూడా సాయంత్రం దాకానే గడువు.

అరవై రెండేళ్ల పొట్టి మనిషి. నుదుట సన్నటి తిరునామం, పిక్కల దాకా మడిచిన ప్యాంటు. చేతులు మాత్రం వేరే మనిషివేమో అనిపిస్తాయి. లావుపాటి వేళ్లు కణుపుల దగ్గర ఉబ్బి, ఎప్పుడూ కాస్త లోపలికి ముడుచుకునే ఉంటాయి. కొండమీద పోటులో, గుడి వంటశాలలో, జీవితమంతా వేడి బూంది తీసుకుని లడ్డూలు చుట్టిన చేతులవి. వదులుగా చుడితే లడ్డు విరిగిపోతుంది. అందుకే అవి బిగించడం ఒక్కటే నేర్చుకున్నాయి.

రిటైరయ్యాక, ఇంట్లో ఒక్కడే ఉండలేక ఇక్కడ చేరాడు. ఆట మీద ఆశ లేదు. ఒకరోజు కోచ్ సుబ్రమణ్యం, బంతి కొట్టే కర్రని, క్లబ్‌ని ఎవరి చేతికో ఇచ్చి చెబుతున్న మాట చెవిన పడింది. సుబ్రమణ్యం చిత్తూరువాడు. మద్రాసులో పెద్దవాళ్ల గోల్ఫ్ సంచులు మోస్తూ ఆట పట్టినవాడు.

"గట్టిగా పట్టుకోవద్దు సార్. అట్లని వదిలేయనూ వద్దు. చేతులు ముందర వస్తాయి, క్లబ్ తల ఎనకాల వస్తాది. ఆ ఎనకాల వచ్చే బరువు మీ అరచేతికి తెలియాల. దాన్నే ల్యాగ్ అంటారు."

బకెట్ పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే నిలబడిపోయాడు రంగరాజు.

ఆస్పత్రిలో భార్య కల్యాణవల్లి ఆఖరి రాత్రి గుర్తొచ్చింది. సూది గుచ్చిన ఆమె చేతిని పట్టుకుని కూర్చున్నాడు. "మెల్లిగా పట్టుకోండి, నొప్పిగా ఉండాది" అంది. ఉలిక్కిపడి వదిలేశాడు. కాసేపటికి ఆ చెయ్యి దుప్పటి మీద అటూ ఇటూ వెతికింది. చూశాడు. మళ్లీ పట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. తెల్లారేసరికి ఆమె లేదు.

బిగించడానికీ వదిలేయడానికీ మధ్య ఇంకొకటి ఉందా? అది చేతికి తెలుస్తుందా?

ఆ సాయంత్రమే సుబ్రమణ్యం వెంటపడ్డాడు. "నాక్కూడా నేర్పించప్పా" అన్నాడు. ఏడాది దాటింది. ఇంకా తెలియలేదు.

మధ్యాహ్నం లారీ వచ్చింది. డ్రైవర్ మునిప్రసాద్ దిగుతూనే నవ్వాడు.

"ఏం సామీ, కొండ దిగొచ్చి గోల్ఫ్ నేర్చుకుంటా ఉండావంట? రేపు ఒలింపిక్స్‌కా?"

"నీ లారీ నేర్చుకుంటా. ఈ రోడ్డు మీద బాగా తోలేవాడు ఒకడన్నా ఉండాల గదా."

వలలు దించి చుట్టారు. చాపలు ఒక్కొక్కటీ గేదె దూడంత బరువు. ఎండ వాలుతుండగా సుబ్రమణ్యం తన పాత క్లబ్ తీశాడు.

"రా సామీ. కడాకి ఒక్క తూరి సూద్దాం."

రంగరాజు పట్టుకున్నాడు. కొట్టాడు. చేతులూ క్లబ్బూ ఒకే కర్రలా కదిలాయి. బంతి నేల మీద దొర్లింది.

"దాని గొంతు పిసికేస్తా ఉండావు. అది లడ్డు గాదబ్బా!"

మళ్లీ కొట్టాడు. మళ్లీ దొర్లింది.

"తెలిసినాదా?"

"లేదప్పా."

"అబద్ధమన్నా చెప్పు సామీ. సంతోషంగా రైలెక్కుతా."

"తెలిసినాది, పో."

సుబ్రమణ్యం నవ్వలేకపోయాడు. మద్రాసులో ఇంకో మైదానంలో పని దొరికింది అతనికి. క్లబ్ మళ్లీ సంచిలో పెట్టలేదు. "ఇది నా సొంతం. నీకాడే ఉండనీ" అన్నాడు. మిగిలిన చాపలు ఇద్దరూ ఎత్తి పడేశాక లారీలోనే స్టేషన్‌కి వెళ్లిపోయాడు. మలుపు తిరిగేదాకా కిటికీలోంచి చెయ్యి ఊగుతూ కనిపించింది.

గేటు వెయ్యడానికి నడుస్తున్న రంగరాజుకి కాలవలో ఒక బంతి కనిపించింది. లారీ ఎక్కకుండా మిగిలిపోయింది. తీసి, చాప ఊడదీసిన మట్టి మీద పెట్టాడు.

భుజాలు వణుకుతున్నాయి. పొద్దుటి నుంచి లాగి లాగి వేళ్లు మొద్దుబారిపోయాయి. క్లబ్ పట్టుకున్నాడు గానీ, బిగిద్దామన్నా వేళ్లు బిగియలేదు. జారిపోకుండా ఆపడానికే సరిపోయింది సత్తువ.

ఎత్తాడు. చేతులు దిగాయి. క్లబ్ తల దిగలేదు.

పైనే, వెనకే, నిద్రలో ఉన్నదానిలా ఆగింది. దాని బరువు అరచేతుల్ని మెత్తగా వెనక్కి లాగింది. ఒక్క క్షణం అది చేతికి వేలాడింది. తర్వాత తనంతట తనే చేతుల్ని దాటి ముందుకెళ్లింది.

చిన్న చప్పుడు. బంతి ఎటు పోయిందో చూడలేదు.

గిరుక్కున వెనక్కి తిరిగాడు, చెప్పడానికి. చాపలు లేని మట్టి, గుంజలు, దూరంగా దిగుతున్న విమానం. సుబ్రమణ్యానికి ఫోన్ చెయ్యొచ్చు. చేస్తాడు కూడా, రేపు. కానీ ఈ కబురు ముందుగా అందాల్సింది అతనికి కాదు.

క్లబ్ చంకలో ఇరికించుకుని, కుడిచేతి వేళ్లతో తన ఎడమచేతినే పట్టుకున్నాడు. నొప్పి పుట్టలేదు. జారిపోనూ లేదు.

"ఇంతేనా వల్లీ" అన్నాడు పైకే. "ఇంతేనా."

అలవాటు కొద్దీ రెండడుగులు మైదానంలోకి వేశాడు, బంతి ఏరడానికి. ఆగాడు. వెనక్కి వచ్చి, గేటు లాగి మూసి, బస్టాపు వైపు నడిచాడు.

మైదానం ఆ చివర, వల విప్పేసిన గుంజ దాటి, ఎర్రమట్టిలో సగం దిగబడి ఒక తెల్లటి బంతి ఉంది.