ఔటంటే ఔటే

కొత్త బంతికి ఒండ్రుమట్టి పూసి, మెరుపు పోయేదాకా అరచేతుల మధ్య రుద్దుతున్నాడు వెండెల్ ఓక్స్. నున్నటి బంతి విసిరేవాడి చేతిలో జారిపోతుంది. ఇరవై రెండేళ్ళుగా మెక్సికో ఊరు గ్వాయ్మాస్‌లో ఆదివారం బేస్‌బాల్ మ్యాచ్‌కి ముందు అంపైర్‌గా అతని మొదటి పని ఇదే. విరిగి అతుక్కున్న వేళ్ళలో ఒక్కటీ తిన్నగా లేదు. పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. భార్య ఎల్విరా వెళ్ళొద్దంది. వినే రకమైతే అతను వెండెల్ ఎందుకవుతాడు?

అమెరికాలోని అలబామాలో పుట్టి, నల్లవాళ్ళ జట్టులో మోకాళ్ళు మడిచి కూర్చుని బంతి పట్టే క్యాచర్‌గా ఆడేవాడు. తెల్లవాళ్ళ జట్టుతో ఆడిన ఒకే ఒక్క మ్యాచ్‌లో అతను ఒకణ్ణి ఔట్ చేస్తే, గ్యాలరీలోంచి ఒక పెద్దమనిషి కసురుకోగానే అంపైర్ మాట మార్చి సేఫ్ అన్నాడు. ఆ మంట ఇప్పటికీ ఆరలేదు. ఒక్క సీజన్ ఆడి పోదామని మెక్సికో వచ్చి ఉండిపోయాడు. మోకాళ్ళు అరిగాక కోచ్ అయ్యాడు. యజమానుల మీద నోరు పారేసుకుని ఆ ఉద్యోగం పోగొట్టుకున్నాక అంపైర్ అయ్యాడు. ఈ ఊరు అతన్ని తిట్టినన్ని తిట్లు ఇంకెవర్నీ తిట్టలేదు. అయినా అతనికి ఇదే సొంతూరు.

ఇవాళ ఫైనల్. చేపల ఫ్యాక్టరీ యజమాని దోన్ ఫెర్మిన్ జట్టు ఒక్క పరుగు వెనకబడి ఉంది. చివరి ఇన్నింగ్స్, ముగ్గురు ఔటైతే ఆట ముగుస్తుంది, అప్పటికే ఒకడు ఔటయ్యాడు. దోన్ ఫెర్మిన్ మేనల్లుడు రామిరో మూడో బేస్ నుంచి దూసుకొచ్చి, పరుగు పూర్తయ్యే హోమ్ ప్లేటు మీదికి జారాడు. లేచిన దుమ్ములోంచి వెండెల్ పిడికిలి పైకి లేచింది.

"ఔట్."

"కళ్ళు ఇంట్లో పెట్టి వచ్చావా ముసలోడా?" అని గ్యాలరీ అరిచింది.

దోన్ ఫెర్మిన్ కమ్మీ దగ్గరికొచ్చాడు. "పెద్దాయనా, నలుగురిలో గొడవ దేనికి. సేఫ్ అనెయ్, అయిపోతుంది."

"ఔట్, దోన్ ఫెర్మిన్."

"అయితే వచ్చే ఆదివారం నుంచి రానక్కర్లేదు."

"వచ్చే ఆదివారం సంగతి అప్పుడు చూద్దాం. ఈ ఆదివారం మాత్రం వాడు ఔటు."

ప్లేటు మీద దుమ్ము దులిపేటప్పుడు అంపైర్ జనానికి ఎదురుగా నిలబడి వంగాలి, వెనకభాగం మైదానం వైపే ఉండాలి. వెండెల్ ఏనాడూ తప్పని మర్యాద అది. ఈసారి మైదానం వైపు తిరిగాడు. తన వెడల్పాటి పిర్రలు సరిగ్గా దోన్ ఫెర్మిన్‌కి ఎదురుగా పెట్టి, తీరిగ్గా మూలమూలా దులిపాడు. తిడుతున్న జనం నోరెళ్ళబెట్టి, ఆపైన పగలబడి నవ్వారు. ఫ్యాక్టరీ కూలీలు మరీ నవ్వారు.

తర్వాతివాడు బ్యాటుకి బంతి తగలకుండానే ఔటయ్యాడు. దోన్ ఫెర్మిన్ జట్టు ఓడిపోయింది.

గ్యాలరీ కింది గదిలోకి ఎల్విరా వెళ్ళేసరికి వెండెల్ బెంచీ మీద గోడకి ఆనుకుని ఉన్నాడు. ఒక బూటు లేసు విప్పుకున్నాడు, రెండోది విప్పలేదు. పిలిచింది. చెయ్యి పట్టుకుని చూసింది, నాడి లేదు. పక్కనే కూలబడింది.

ఫ్యాక్టరీ గుమస్తా కాగితం పట్టుకుని వచ్చాడు. "అయ్యగారు పంపారమ్మా, ఆయనకిమ్మని..." అంటూ వెండెల్‌ని చూసి ఆగిపోయాడు.

ఎల్విరా లాక్కుని చదివింది. ఇకపై అంపైర్‌గా అతని సేవలు అక్కర్లేదట. ఏడుస్తూనే నవ్వింది.

"ఈ కాగితం కంటే ముందే ఆయనే మానేశాడని చెప్పు మీ అయ్యకి," అంది.

కింద కూర్చుని ఆ కాగితంతోనే భర్త బూట్లు రెండూ శుభ్రంగా తుడిచింది. కూలీలు వచ్చి అతన్ని భుజాల మీద మోసుకెళ్ళారు. నలిగిన కాగితం బెంచీ మీదే ఉండిపోయింది, యజమాని సంతకం మీద ఎర్రదుమ్ముతో.