మూడు మాటలుంటే పారేయ్

స్తుతి రాసిన రూల్ చాలా బాగా పనిచేసింది. ముందు ఆ సంగతి ఒప్పుకోవాలి. గుంటూరులో మిర్చి యార్డుకు రెండు వీధుల ఇవతల ఉన్న ఆ వైద్య సహాయ ట్రస్టు ఆఫీసులో అంత బాగా పనిచేసిన వస్తువు ఇంకోటి లేదు. ఫ్యాను తిరిగితే ట్యూబులైటు వెలగదు. ప్రింటరు సంగతి ఎత్తకపోవడమే మంచిది. రూల్ మాత్రం నవంబరు ఆఖరి వారం నుంచి ఒక్కరోజు కూడా నాగా పెట్టలేదు.

ట్రస్టుకు సొంత మెయిల్ సర్వర్ ఉంది. రోగుల వివరాలు బయటి కంపెనీల చేతుల్లో పెట్టకూడదని పాత కార్యదర్శి ఒకాయన పట్టుబట్టి పెట్టించారు. ఫైళ్ల బీరువా పక్కన ఒక నల్ల డబ్బా, దుమ్ము పడకుండా దాని మీద పాత టేబుల్ క్లాత్. స్తుతికి జీతం ఇచ్చేది డేటా ఎంట్రీకి. ఆ డబ్బా చాకిరీ కూడా ఆమెదే. నేర్పినవాళ్లు లేరు. చెడగొట్టుకుంటూ, బాగుచేసుకుంటూ ఆరేళ్లలో తనే నేర్చుకుంది. నేర్చుకున్నానన్న పొగరు కాస్త ఉండేది. ఆ పొగరే కొంప ముంచింది.

ఒకప్పుడు దొంగ ఉత్తరాలు ఇంగ్లీషులో వచ్చేవి, చూడగానే తెలిసిపోయేవి. ఇప్పుడు కంప్యూటరే తర్జుమా చేసిపెడుతోంది కాబట్టి దొంగలకూ తెలుగొచ్చేసింది. అదీ మామూలు తెలుగు కాదు, చర్చి తెలుగు. ‘క్రీస్తునందు ప్రియులైన మీకు ప్రభువు నామమున శుభములు. దీనురాలనైన నేను కన్నీటితో వ్రాయునది’ అని మొదలవుతుంది. అలాంటి ఒక ఉత్తరం నమ్మి కార్యదర్శి మార్క్ గారు ఎనభై వేలు పంపించారు. ఆ విధవరాలు లేదు, ఆమె క్యాన్సరూ లేదు, ఆ ఊరే లేదు. కమిటీ ఆయన్ని నిలబెట్టి అడిగింది. అరవై ఏళ్ల మనిషి, పాస్టరు కొడుకు, అందరి ముందూ కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడు ఆయన స్తుతి కుర్చీ దగ్గరికొచ్చి నిలబడ్డారు. “అమ్మా స్తుతీ, అలాంటివి వేరే ఫోల్డర్లో వేస్తే నేను మళ్లీ తెరిచి చూస్తాను. చూస్తే నమ్ముతాను. నా సంగతి నాకు తెలుసు. అసలు నా కంట పడకుండా చెయ్యమ్మా.”

స్తుతి నలభై దొంగ ఉత్తరాలు ముందేసుకుని కూర్చుంది. అన్నింట్లోనూ ఉన్న మాటలు ఏరి పన్నెండు తేల్చింది. ‘ప్రభువు నామమున శుభములు’, ‘క్రీస్తునందు ప్రియులైన’, ‘కన్నీటితో’, ‘మీ పాదములకు’, ‘మీరే దిక్కు’, ఇలాంటివి. ఏ ఉత్తరంలోనైనా వీటిలో మూడు కనిపిస్తే పారేయమని సర్వరుకు చెప్పింది. తిప్పి పంపించవచ్చు. కానీ తిప్పి పంపితే తన ఉత్తరం ఎందుకు ఆగిందో దొంగకు తెలిసిపోతుంది కదా. అందుకని చడీచప్పుడూ లేకుండా పారేయడం. పంపినవాడికి చేరిందనే అనిపిస్తుంది. ఇక్కడ ఏమీ మిగలదు, లాగ్‌లో ఒక్క గీత తప్ప: ఫలానా రోజు, ఫలానా అడ్రసు, పారేశాం. కమిటీ మెచ్చుకుని మినిట్స్‌లో రాసుకుంది కూడా.

ఆ పన్నెండు మాటలూ తన ఇంటి మాటలేనని స్తుతికి తట్టలేదు. వాళ్లమ్మ హాస్టలుకు ఉత్తరం రాస్తే మొదటి పంక్తిలోనే నాలుగుండేవి. ఈ ప్రాంతంలో పల్లె సంఘాల నుంచి ఎవరు ఎవరికి ఉత్తరం రాసినా అలాగే మొదలుపెడతారు. దొంగలు ఆ మాటలు నేర్చుకున్నది వీళ్ల దగ్గరే. అది తెలిసీ తెలియనట్టు ఎలా ఉండగలిగిందో ఆమెకే ఇప్పటికీ అర్థం కాదు.

ఫిబ్రవరి వచ్చింది. మిరప కోతలు జోరు మీదున్నాయి. ఏటా ఈపాటికి బల్ల నిండా దరఖాస్తులుండేవి. ఈసారి పట్టుమని పది లేవు. “దేవుడి దయవల్ల ఈ ఏడు జనం ఆరోగ్యంగా ఉన్నారమ్మా” అని మార్క్ గారు సంతోషించారు. ఇరవై నాలుగో తారీఖు పొద్దున డబ్బాలో జాగా నిండిందని స్తుతి పాత లాగ్‌లు తీసేయబోయింది. తీసేసేముందు ఊరికే ఒకసారి చూసింది.

అరవై మూడు గీతలున్నాయి. తన ప్రతాపం చూసుకుని ముందు నవ్వుకుంది కూడా. ఆ తర్వాత ఒక అడ్రసు ఆరుసార్లు కనబడింది. ఆయేషా డీటీపీ, పర్చూరు. దొంగలు పర్చూరు నుంచి ఎందుకు రాస్తారు?

ఆ టైపింగు కొట్టు నంబరు వెతికి ఫోన్ చేసి, ఆ ఆరు మెయిళ్లూ ఎవరివని అడిగింది.

“ఆ అయ్యగారా అండీ?” అంది ఆయేషా. “దానయ్య గారండీ. పక్క ఊళ్లో ప్రార్థనలు చేయిస్తుంటారు. ఇంటావిడ ఇంజక్షన్ల కోసం మీకు రాయించేవారు. మీరేనా ఆ ట్రస్టోళ్లు? ఏంటండీ మీరు, ఒక్కదానికన్నా జవాబివ్వరా?”

స్తుతికి ఆవిడ గుర్తొచ్చింది. దానయ్య భార్య రెబ్కా. పోయిన అక్టోబరులో ఇదే గదిలో కూర్చుంది. మిరపకోతల మనిషి. యార్డు ఘాటుకు స్తుతి వరసగా తుమ్ముతుంటే, “మిరపకాయకి తుమ్మేదానివి గుంటూరులో ఎట్టా బతుకుతున్నావే తల్లీ” అని పగలబడి నవ్వింది. రొమ్ములో గడ్డ. ఇరవయ్యొక్క రోజులకొకటి చొప్పున ఆరు ఇంజక్షన్లు. మొదటి మూడూ ట్రస్టు పెట్టుకుంది. మిగతా మూడింటికి డాక్టరు కాగితం జతచేసి మళ్లీ దరఖాస్తు పెట్టుకోమన్నారు. మొదటిసారి తర్వాత అన్నీ మెయిల్లోనే పెట్టాలి, ఆఫీసుకు రాకూడదు. గేటు మీద బోర్డు కూడా ఉంది.

“ఆ ఉత్తరాలు మీ దగ్గర ఉన్నాయా అండీ?”

“ఎందుకుండవూ? ఇప్పుడే మళ్లీ పంపిస్తానుండండి.” కాసేపు మీటల చప్పుడు. “పంపానండీ. వచ్చిందా?”

రాలేదు. లాగ్‌లో అరవై నాలుగో గీత పడింది.

“మళ్లీ పంపనా?”

“వద్దండీ,” అంది స్తుతి. “నా సొంత అడ్రసుకి పంపండి.”

ఆరూ వచ్చాయి. డిసెంబరు నాలుగున రాసిన మొదటిది చాలా చిన్నది. ‘క్రీస్తునందు ప్రియులైన ట్రస్టు పెద్దలకు ప్రభువు నామమున శుభములు. నాలుగో ఇంజక్షన్ ఈ నెల పదిలోగా పడాలని డాక్టరుగారు అన్నారు. మీరే దిక్కు.’ సరిగ్గా మూడు మాటలు. ఒక్కటి తగ్గినా లోపలికి వచ్చేసేది.

రెండో దాంట్లో ఐదున్నాయి. మూడో దాంట్లో ఏడు. నాలుగోది చదవలేక చదివింది. ‘నా మునుపటి ఉత్తరములలో వినయము తక్కువైనదేమో, మన్నించగలరు. మీరు రావద్దన్నారు గనుక రాలేదు. మా ఉత్తరము మీరు ప్రార్థనలో పెట్టియుందురని రెబ్కాతో చెప్పుచున్నాను. మీ పాదములకు నమస్కరించి కన్నీటితో వ్రాయునది.’ అయిదోది, ఆరోది రెండేసి పేజీలు. జవాబు రాని కొద్దీ ఆయన ఇంకా వంగాడు. వంగిన కొద్దీ ఈ డబ్బా ఇంకా గట్టిగా పారేసింది.

“నేనే చెప్పానండీ,” అంటోంది ఫోన్లో ఆయేషా. “ఇంకొంచెం కరిగేట్టు రాయండి అయ్యగారూ, పెద్దోళ్లు గదా అని. ఆ మాటలు కొన్ని నేనే కలిపాను.”

ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలిస్తే స్తుతికి కాస్త నయంగా ఉండేది.

మార్క్ గారు అంతా విని కుర్చీలో కూలబడ్డారు. వెంటనే మంజూరు కాగితం తెప్పించుకుని సంతకం చేశారు. శుక్రవారానికి ఆసుపత్రిలో మంచం మాట్లాడారు. స్తుతి రూల్ తీసేస్తానంటే మాత్రం తల అడ్డంగా ఊపారు. “కమిటీ తీర్మానం కదమ్మా అది. రేపు మూడింటికి మీటింగు. వాళ్లకు చెప్పి తీద్దాం. మళ్లీ నా అంతట నేను ఏదో చేశానని అనిపించుకోలేను.”

తీసేయడానికి అర నిమిషం పట్టదు. స్తుతి తియ్యలేదు. పెద్దలు ఆగమంటే ఆగడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దానయ్యకూ అదే అలవాటు.

మళ్లీ ఆయేషాకు ఫోన్ చేసింది. “మీ ఊరి ఆటోవాళ్లతో కబురు పంపండమ్మా. ఇంజక్షన్లు మంజూరయ్యాయని, శుక్రవారం ఆవిడ్ని తీసుకుని రమ్మని చెప్పించండి. దారి ఖర్చులు కూడా మేమే ఇస్తాం.”

“ఆయన పదో తారీఖు నుంచి ఇటు రాలేదండీ. ఫోను కూడా కలవట్లా. అయినా పొద్దుగూకేలోపు కబురందుద్ది, నాదీ పూచీ.”

సాయంత్రం దాకా స్తుతి మిగతా గీతల వెంట పడింది. పందొమ్మిది అడ్రసులు. ఒకాయన “వడ్డీకి తెచ్చి చేయించుకున్నాంలేమ్మా” అని ఫోన్ పెట్టేశాడు. ఒకామె తిట్టింది. తిట్టినందుకు స్తుతికి ప్రాణం కాస్త తేలికపడింది. రెండు దొంగవే. ఆ రెంటి కోసం ఇంతమందిని పారేసింది. రెబ్కా విషయంలో మాత్రం ఇంకా ఆశ ఉంది. రెండు నెలలు ఎడమొచ్చినా కొందరు తట్టుకుంటారట, డాక్టరును అడిగితే చెప్పాడు. ఆ ‘కొందరు’ అన్న మాట పట్టుకుని ఇంటికి వెళ్లింది.

మర్నాడు పదకొండింటికి ఆఫీసు ఇన్‌బాక్స్‌లో ఒక ఉత్తరం కనబడింది. ఆయేషా డీటీపీ, పర్చూరు. ఎవరూ ఆపకుండా, తిన్నగా, అన్నిటికంటే పైన.

‘ట్రస్టు వారికి. రెబ్కా ఈ నెల పదమూడున చనిపోయింది. ఇంజక్షన్లు అక్కర్లేదు. ఆమె పేరున తీసిపెట్టిన డబ్బు ఇంకొకరికి ఇవ్వండి. ఇట్లు, దానయ్య.’

స్తుతి మొదటిసారి చదివినప్పుడు చావు కబురు ఒక్కటే కనబడింది. బల్లమీద తలపెట్టుకుని ఏడ్చింది. రెండోసారి చదివినప్పుడు ఉత్తరం మొదట్లో ఏదో ఉండాలే అని వెతికింది. కింద వెతికింది. పైకీ కిందికీ జరిపి చూసింది. ముప్పై ఏళ్లుగా ఊళ్లో ప్రార్థన చేయించే మనిషి రాసిన ఉత్తరం. అందులో శుభములు లేవు. ప్రభువు పేరు లేదు.

మార్క్ గారు వెనక నుంచి వంగి చదివారు. “ఇది లోపలికెలా వచ్చిందమ్మా? రూల్ తీసేశావా?” అని అడిగారు.

“లేదు సార్,” అంది స్తుతి. “అందులో మనం ఆపేది ఏమీ మిగల్లేదు.”